గడ్డి మైదానం కోసం అర్జీ

పబేడాన్, రంగూన్
17 నవంబరు 2024

అమ్మాయ్ జయంతీ,

నేను క్షేమమని రాయడం లేదు. ఒళ్ళు మండిపోతోంది. నువ్వు ఆడపిల్లల జట్టుకి కోచ్‌వి కాబట్టి కమిటీని తిట్టలేవు. నాకు డెబ్భై మూడేళ్ళు, ముందూ వెనకా ఎవరూ లేరు, ఉద్యోగమూ లేదు. కాబట్టి మీ అందరి బదులూ నేనే తిడుతున్నాను.

కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ కప్పులో ఎనిమిది జట్లు. లీగు పూర్తయ్యేసరికి మీ పసుపు చొక్కాలు మొదటి స్థానం, ఆకుపచ్చవాళ్ళు రెండు, ఎర్రవాళ్ళు మూడు, ఇన్సేన్ నీలం చొక్కాలు నాలుగు. సెమీఫైనల్లో ఒకటి నాలుగుతో, రెండు మూడుతో ఆడాలి. మరి కమిటీ చేసిన పనేమిటి? ఇన్సేన్ పిల్లల బస్సుని దారిలో ఆపి సోదా చేశారు, ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. దానికి మూడు పాయింట్లు కోసేశారు! ఐదో స్థానంలో చతికిలబడ్డ గులాబీ చొక్కాలు నాలుగోకి ఎగబాకాయి. ఆ గులాబీ బస్సుని ఏ దారిలోనూ ఎవరూ ఆపరు. వాళ్ళు కంటోన్మెంటులో ఎవరి బంగళాల పిల్లలో నీకు తెలుసు, నాకు తెలుసు, వీధిలో కుక్కకీ తెలుసు.

సినిమా హాల్లో గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు టికెట్లు చింపినవాణ్ణి, ఈ విద్య నాకు కొత్తేమీ కాదు. హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాక ఎవరో పెద్దింటివాళ్ళు కారు దిగేవారు. మేనేజరు నా చెవిలో ఊదేవాడు. నేను వెళ్ళి బాల్కనీలో ముందు వరసవాళ్ళని "కొంచెం జరగండి బాబూ" అని నేల మీదకి జరిపేవాణ్ణి. ఆ పాపం నాకూ ఉంది. అన్నట్టు, గేటు మనిషి ఏ సినిమానీ మొదటి నుంచి చివరి దాకా చూడడు. ఇవాళ పాట, రేపు ఫైటు, ఎల్లుండి ఏడుపు. నలభై ఆటలకి ఒక సినిమా పూర్తయ్యేది. అందుకే ఏ సినిమాలో అతుకు ఎక్కడుందో నాకు తెలిసినట్టు తీసినవాడికి కూడా తెలియదు.

నిన్న యర్రయ్య టీ కొట్టులో టీవీలో ఒక కొత్త సినిమా వేశారు. హీరో ఒక్క గుద్దు గుద్దితే పన్నెండు మంది గాల్లోకి లేచారు. సత్తిరాజు చప్పట్లు కొట్టాడు. "ఒరే, బొమ్మలో గాల్లోకి లేవడం కాదు, మన రాధ నేల మీద ముగ్గురిని దాటుకుంటూ ఎల్తాది సూడు, అదీ ఫైటంటే" అన్నాను. నిజం చెప్తున్నాను, ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపు లైనుల్లో పుట్టి మీ పసుపు చొక్కా తొడిగిన ఆ గుంట కాళ్ళలో ఉన్న కథ పది సినిమాల్లో లేదు.

చివరగా అసలు విషయం. ఫైనల్ ఆ ఇన్సేన్ రాళ్ళ మైదానంలో పెడతారట. గోల్ స్తంభాలకి మేకల్ని కడతారు అక్కడ. మీ మింగళాడోన్లో, కంటోన్మెంటు లోపల, పచ్చటి గడ్డి మైదానం ఊరికే పడి ఉంది కదా. ఫైనల్ అక్కడికి మార్చాలని అర్జీ రాశాను. మన తెలుగువాళ్ళవీ, వీధిలో బర్మా వాళ్ళవీ, ఇప్పటికి డెబ్భై సంతకాలు.

మీ మావయ్య,
లింగరాజు

*

మింగళాడోన్, యాంగోన్
28 నవంబరు

మావయ్యా,

నీ ఉత్తరం బాబూరావు బస్సులో వచ్చింది. డ్రైవరు సీటు కింద మొహింగా డబ్బా పక్కన పెట్టి తెచ్చాడు. చేపల పులుసు వాసనతో కమిటీ మీద తిట్లు చదవడం బాగుంది. ఇలాగే బాబూరావు చేతే పంపు. ఎవరి చేతా ఫోనులో టైపు చేయించకు. దారిలో ఫోన్లు తెరిపించి చూస్తున్నారు. తెలుగు చదవగలవాళ్ళు ఈ ఊళ్ళో కొద్దిమందే. నాకు అక్షరాలు సినిమా పాటల పుస్తకాల్లోంచి నేర్పించి మంచి పని చేశావు.

పాయింట్ల కోత గురించి నువ్వన్నదంతా నిజం. గులాబీవాళ్ళు మాకు పోటీ కాదు. లీగులో నాలుగు గోల్స్‌తో గెలిచాం, అందులో మూడు రాధవే. రాధ ఈ వారం ప్రాక్టీసుకి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అడిగితే, వాళ్ళన్న బాబ్జీ ఊళ్ళో లేడు, ఇంటి పనంతా తనదేనంది. అంతకు మించి నేను అడగలేదు.

మైదానం సంగతి మాత్రం వదిలెయ్ మావయ్యా. మా పిల్లలకి రాళ్ళు అలవాటే. రాళ్ళ మీద బంతి ఎటు ఎగురుతుందో వాళ్ళకి తెలుసు. గడ్డి మీదే తికమకపడతారు. ఆ అర్జీ పంపకు. నా మాట విను.

జయంతి

*

పబేడాన్, రంగూన్
8 డిసెంబరు

అమ్మాయ్,

నీ మాట వినలేదు. వినకపోవడమే మంచిదైంది!

అర్జీ ఒప్పుకున్నారు. నూట పన్నెండు సంతకాలు. పైన నా పేరు, బర్మా వాళ్ళ మర్యాద తగిలించి, 'ఊ లింగరాజు, క్రీడాభిమాని' అని. కమిటీ గుమాస్తా స్వయంగా యర్రయ్య కొట్టుకి వచ్చి చెప్పాడు. "పెద్దాయనా, మీ కోరిక మన్నించారు. ఫైనల్ కంటోన్మెంటు గ్రౌండులోనే. బ్యాండు కూడా పెడతారంట" అన్నాడు. యర్రయ్య అందరికీ ఉచితంగా టీ పోశాడు, జన్మలో మొదటిసారి. సత్తిరాజు లేచి నిలబడి, "లింగరాజు బావు కలం పట్టినాడంటే గవర్మెంటు కూడా కదలాలిసిందే" అన్నాడు. సత్తిరాజుకి చదువు రాదు కాబట్టి నా కలం మీద అతనికి గౌరవం ఎక్కువ.

బడి మొహం చూడనివాణ్ణి జయంతీ. గోడల మీద పోస్టర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. జీవితంలో నేను అడిగినది ఒకటి దొరికిందంటే ఇదే. మీ పిల్లలు పచ్చగడ్డి మీద, బ్యాండు వాయిస్తుంటే కప్పు ఎత్తుతారు. రాధకి చెప్పు, తాతే చేశాడని.

గడ్డి మీద తికమకపడతారని రాశావు. పిరికి మాట. నా దగ్గర నేర్చుకున్నది కాదు అది.

లింగరాజు

*

మింగళాడోన్
15 డిసెంబరు

మావయ్యా,

వార్త నీకంటే ముందే మాకు తెలిసింది. కాగితం మీద వచ్చింది, షరతులతో.

శనివారం సెమీఫైనల్‌కి నువ్వు రావద్దు. ఎండ ఎక్కువగా ఉంటోంది.

జయంతి

*

పబేడాన్, రంగూన్
23 డిసెంబరు

జయంతికి,

రావద్దంటే వచ్చాను. ఊరి చుట్టూ తిరిగే రైలెక్కి ఇన్సేన్‌లో దిగి, గొడుగు పట్టుకుని ఆ రాళ్ళ మీద రెండు గంటలు నిలబడ్డాను. నువ్వు నన్ను చూశావు. చూసి మొహం తిప్పుకున్నావు.

మూడు-సున్నాతో ఓడారు! గులాబీ చొక్కాల మీద! బంతి తన్నబోయి చెప్పు తన్నుకునే పిల్లల మీద! రాధ మొదటి నిమిషం నుంచి చివరి దాకా బెంచీ మీద. కాలికి దెబ్బ లేదు, ఒంట్లో జ్వరం లేదు. సగం ఆట అయ్యాక లేచి వచ్చి నీ ముందు నిలబడింది. ఏమడిగిందో అంత దూరం నుంచి నాకు వినపడలేదు గాని, చేతులు జోడించడం కనపడింది. నువ్వు వేలితో బెంచీ చూపించావు. కుడివైపు ఆడే పిల్లని ఎడమకి, వెనక నిలబడేదాన్ని ముందుకి మార్చావు. గేటు దగ్గర ముప్పై ఏళ్ళు ఉన్నవాడికి దొంగ టికెట్టు తెలియదనుకున్నావా? అది ఓటమి కాదు. అమ్మకం.

ఎంతకి అని అడగను. ఎందుకు అని కూడా అడగను. యర్రయ్య కొట్టులో అందరి ముందూ చెప్పేశాను, "నా మేనకోడలు ఆట అమ్మీసింది" అని. బలరాం "అలగనకు బావు, ఆడపిల్ల" అంటే వాడి మీదకి కూడా లేచాను. బలరాం కొడుకు ఆ మాట ఫోనులో పెట్టాడట, నలుగురూ చదువుతున్నారట. చదవనీ. గడ్డి మైదానం తెచ్చి నీ చేతిలో పెట్టాను, దాన్ని ఎవరికి అప్పగించావు? వచ్చే నెల గులాబీ చొక్కాలు బ్యాండు మధ్య ఊరేగుతాయి. నేను పెట్టిన అర్జీ మీద!

నీకు అక్షరాలు నేర్పిన చేత్తోనే రాస్తున్నాను. నాకు ఉత్తరం రాయకు.

లింగరాజు

*

మింగళాడోన్
4 జనవరి 2025

మావయ్యా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. ఆట గురించి కాదు, నీకు ఇష్టమైన సినిమా గురించి. ఈ మధ్య ఒక సినిమా చూశాను. కథ చెప్తాను, చివరిదాకా చదువు. నలభై ముక్కలుగా కాదు, ఒక్క ఊపున.

అదొక రాజ్యం. అక్కడ పద్దెనిమిది దాటిన మగపిల్లల్ని పట్టుకుపోయి పటాలంలో వేస్తుంటారు. చేతనైనవాళ్ళు తమ పిల్లల్ని ఎక్కడో దాచుకుంటారు. అడిగితే 'ఊళ్ళో లేడు' అంటారు. ఆ రాజ్యంలో ఒక ఆడపిల్లల జట్టు ఉంది. మంచి జట్టు. ఫైనల్ దాకా వెళ్ళేదే. ఆఖరి ఆట బయట రాళ్ళ మైదానంలో జరగాలి. కాని ఊళ్ళో ఒక పెద్దమనిషి, ఆటంటే ప్రాణం పెట్టేవాడు, గడ్డి మీద ఆడించమని అర్జీ పెట్టాడు. గడ్డి కోట లోపల ఉంది. కోటలోకి వెళ్ళాలంటే ప్రతి అమ్మాయీ వారం ముందు తన ఇంటి జాబితా ఇవ్వాలి. ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసు ఎంత, ఎవరు ఉన్నారు, ఎవరు లేరు. అన్నీ అందులో ఉంటాయి. ఆ షరతు కాగితం కోచ్ చేతికి వచ్చింది.

ఆమె కూర్చుని లెక్క చూసుకుంది. పదహారు మంది అమ్మాయిలు. వాళ్ళకి పద్దెనిమిది దాటిన అన్నదమ్ములు పదకొండు మంది. ఆ పదకొండు మందిలో ఇళ్ళల్లో నిద్రపోతున్నవాళ్ళు ఇద్దరే.

జట్టు ఆడబోమంటే 'ఎందుకు ఆడరు' అని అడుగుతారు, ఇళ్ళకి వస్తారు. ఓడిపోయినవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. అందుకని ఆమె ఓడిపోయింది. పిల్లలెవరికీ చెప్పలేదు. అందరికంటే బాగా ఆడే అమ్మాయిని కూర్చోబెట్టింది, ఆ అమ్మాయికి ఓడిపోవడం చేతకాదు కాబట్టి. కారణం ఆ అమ్మాయికి చెప్పకూడదు. తన కోసం చెల్లెలు ఫైనల్ పోగొట్టుకుందని తెలిస్తే ఆ అన్న దాక్కున్న చోటు నుంచి తనే నడిచి వచ్చేస్తాడు. అలాంటివాడు. గెలిచిన జట్టు జాబితాలు కూడా ఇచ్చింది. వాటిని తెరిచి చూసే ధైర్యం ఆ కోటలో ఎవరికీ లేదు.

అర్జీ పెట్టిన పెద్దమనిషి చెడ్డవాడు కాదు. వద్దంటే వినలేదు, అంతే. అతనింట్లో ఇరవై మూడేళ్ళ కొడుకు లేడు. అందుకని గడ్డి పచ్చగా కనపడింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరంతా వినపడేలా 'అమ్మేసింది, అమ్మేసింది' అని అరిచాడు. ఇప్పుడు అందరూ ఆమెని అడుగుతున్నారు, ఆ అమ్మాయిని ఎందుకు కూర్చోబెట్టావని. ఏ ప్రశ్న రాకూడదని ఓడిపోయిందో ఆ ప్రశ్న అతని నోట్లోంచే వచ్చింది.

సినిమా నీకు నచ్చకపోతే చించి పారెయ్. నచ్చినా చించి పారెయ్.

జయంతి

*

పబేడాన్
9 జనవరి

తల్లీ,

ముప్పై ఒక్క ఏళ్ళలో ఇలాంటి సినిమా ఏ హాలుకీ రాలేదు. మొదటిసారి చదివి, ఇదేం కథ, ఏ హాల్లో ఆడుతోందని విసుక్కున్నాను. రెండోసారి ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివాను. మూడోసారి చదవలేదు. స్టవ్ మీద పెట్టాను.

ఆ పెద్దమనిషి పాత్ర గురించి నువ్వు మెత్తగా రాశావు. చెడ్డవాడు కాదట! నూట పన్నెండు మందిని వీధి వీధీ తిరిగి పోగు చేసి, పదహారు ఇళ్ళ గుమ్మాలు చూపించే దారి వేశాడు. పైగా వార్త రాగానే టీ తాగాడు. వాణ్ణి చెప్పుతో కొట్టాలి. కొట్టేవాళ్ళు లేకే డెబ్భై మూడేళ్ళు మాట్లాడుతూ వచ్చాడు.

కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఒక ఆడపిల్ల బంతి ఆడాలంటే ఇంట్లో అన్న ఎక్కడున్నాడో చెప్పాలా? గోల్ కొట్టడానికీ దానికీ ఏమిటి సంబంధం? ఈ మాట వీధిలో అరవాలని ఉంది. అరిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను కాబట్టి నోరు కట్టుకుని కూర్చున్నాను. నా నోరు నేను కట్టుకోవడం ఇదే మొదటిసారి. దవడలు నొప్పి పుడుతున్నాయి.

ఆ సినిమాలో కోచ్‌ని ఎవరు అడుగుతున్నారు? ఏమడుగుతున్నారు? సరిగ్గా రాయి.

మావయ్య

*

మింగళాడోన్
14 జనవరి

మావయ్యా,

కోచ్‌ని కాలేజీ పెద్ద పిలిపించాడు. ఫోనులో తిరుగుతున్న మాట చూపించాడు. "సయామా, ఆ అమ్మాయిని ఎందుకు ఆడించలేదో కారణం రాసి సంతకం పెట్టండి. లేకపోతే విచారణ వేయాల్సి వస్తుంది, అమ్మాయిల ఇంటివాళ్ళని కూడా పిలుస్తాం" అన్నాడు. పది రోజుల గడువు. దెబ్బ తగిలిందని రాస్తే డాక్టరు కాగితం అడుగుతారు. క్రమశిక్షణ అని రాస్తే ఆ అమ్మాయి ఏం తప్పు చేసిందని ఇంటికి వెళ్ళి అడుగుతారు. ఏం రాయాలో తెలియడం లేదు.

రాధ ప్రాక్టీసుకి రావడం మానేసింది. పసుపు చొక్కా ఉతికి, మడత పెట్టి, నా గది గుమ్మంలో పెట్టి వెళ్ళింది. అరిచినా బాగుండేది. ఇప్పుడు నీ మీద కోప్పడే ఓపిక కూడా లేదు నాకు.

జయంతి

*

పబేడాన్, రంగూన్
20 జనవరి

జయంతీ,

కారణం దొరికింది. నీ కాగితంలో ఇలా రాయి: 'మా మేనమామ లింగరాజు ఫుట్‌బాల్ పండితుడనుకుని, పేరు మోసిన ఆటగత్తెకి పొగరు పెరగకుండా ఒక్క ఆట కూర్చోబెట్టమని ఆయన సలహా ఇస్తే, మూర్ఖంగా పాటించాను.' సంతకం పెట్టు. నేను సాక్ష్యం కూడా తయారు చేశాను.

శనివారం యర్రయ్య కొట్టు నిండుగా ఉన్నప్పుడు లేచి నిలబడ్డాను. "ఒరే, ఇనండి. రాధని కూకోబెట్టమన్నది జయంతి బుద్ధి కాదు, నా బుద్ధి. గులాబీవోళ్ళ మీద రాధ అక్కర్లేదు, ఫైనల్‌కి దాచుకో అన్నాను. గుంటకి పొగరు కూడా తగ్గుతాదన్నాను. జయంతి వద్దంది. మేనమామ మాట తోసీనేక ఇన్నాది" అన్నాను.

సత్తిరాజు గ్లాసు కింద పెట్టాడు. "మరి అమ్మీసింది అని అరిసినావు గదేటి, ఈ కుర్సీలోనే?"

"నా సలహా బయటపడతాదని భయమేసి ముందుగా నానే అరిసీసినాను" అన్నాను.

బలరాం అన్నాడు, "ఓలమ్మో, ముప్పై ఏళ్ళ నుంచి నీ మాట ఇని పందేలు కాసినాం గదరా బావు మేవు!" అందరూ నవ్వారు. సత్తిరాజు నవ్వలేదు. తన టీ తీసుకుని వెళ్ళి వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. బలరాం కొడుకు ఇది కూడా ఫోనులో పెట్టాడు. పెట్టమని నేనే అడిగాను.

నిన్న ఆదివారం మధ్యాహ్నం రాధ వచ్చింది. ఇన్సేన్ నుంచి రైల్లో, ఒక్కతే. మొహాన రాసుకున్న థనకా గంధం చెమటకి చారలు కట్టింది. కొట్టులోకి రాలేదు, వీధిలోనే నిలబడి పిలిచింది. నేను బయటికి వెళ్ళాను. వెనకే కొట్టంతా వచ్చింది.

"తాతా, నిజవేనేటి?"

"నిజవేనమ్మా."

"నాను రెండేళ్ళు ఎండలో పరిగెట్టినాను. గోళ్ళు ఊడిపోనాయి. నువ్వు కుర్సీలో కూకుని ఒక్క మాటన్నావు, అయిపోనాది. నాకు పొగరా? ఎప్పుడు సూసినావు నా పొగరు? టికెట్లు సింపుకోడానికి తప్ప నువ్వు దేనికి పనికొస్తావు?"

"దేనికీ రానమ్మా."

"మా అన్న ఉండుంటే నిన్ను..." అని ఆగిపోయింది. చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. పెదవి కొరుక్కుని, మళ్ళీ నా మీదకి వచ్చింది. "ఆట నేర్పిన సయామని నాను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఇంట్లో కూకుని ఏడ్సినాను. అంతా నీ మూలానేనా?"

"అంతా నా మూలానే, తల్లీ. ఆవిడ తప్పు ఈసమెత్తు లేదు."

అబద్ధం చెబుదామని వెళ్ళినవాణ్ణి జయంతీ. ఆ ఒక్క మాట దగ్గర నిజమే చెప్పాను. ఆ పిల్లకి తెలియదు.

యాభై ఏళ్ళుగా ఆ వీధిలో ఎవరితోనూ వాదనలో ఓడిపోలేదు నేను. నిన్న ఒక్క మాట కూడా తిప్పి కొట్టలేదు. కోపం రాలేదనుకోకు. వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. ఇరవై ఏళ్ళ పిల్ల 'మా అన్న' అన్నాక నడివీధిలో నోరు మూసుకోవాల్సి వచ్చింది చూశావా, దాని మీద. ఆ కోపం చచ్చేదాకా ఉంటుంది. ఉండనీ.

వెళ్ళేముందు అంది, "రేపట్నించి ప్రాక్టీసుకి ఎల్తాను. సయామ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు మాత్రం నానాడే గ్రౌండుకి రాకు. నీ గొడుగు కనపడినా నాను ఆడను" అని. రానని మాటిచ్చాను.

మాటిస్తే నిలబెట్టుకోవాలి కదా. ఇకమీద ఆ పిల్ల ఆట నువ్వు రాస్తేనే నాకు తెలుస్తుంది. ఎవరు గెలిచారో బాబూరావు చెప్తాడులే, అది రాసి కాగితం పాడుచెయ్యకు. రాధ గోల్ కొడితే ఏ కాలితో కొట్టిందో రాయి.

మావయ్య